పిల్లాడికి ఫిట్స్ తగ్గినా అమ్మకి నిద్ర పట్టకపోవడం గురించి

బాబుకి జ్వరంలో ఫిట్స్ వచ్చి తగ్గిపోయింది, డాక్టరుగారు భయం లేదన్నారు, కానీ నాకే రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు, అన్నం సయించట్లేదు, ఇది మామూలేనా అని అడిగారు కదండీ. చాలామంది తల్లులకి ఉంటుందండి, నేనూ పడ్డాను. అలాగని దానంతటదే పోతుందిలే అని వదిలేయకండి.

మాది కోనసీమలో లంక ఊరు. మావారు కువైట్‌లో డ్రైవరు, ఇంట్లో నేనూ అత్తయ్యగారూ పిల్లాడూ. ఏడాదిన్నరప్పుడు వాడికి ఒళ్ళు కాలిపోతూ గుడ్లు తేలేసి కాళ్ళూ చేతులూ కొట్టేసుకున్నాడు, రెండు నిమిషాలు కూడా లేదేమో, ఆసుపత్రికి చేరేసరికి బిస్కెట్ అడుగుతున్నాడు. వాడికి అక్కడితో అయిపోయింది, నాకు అప్పుడే మొదలైంది. నిద్రలో వాడు కాలు కదిపినా లేచిపోయేదాన్ని, ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేదాన్ని, మెడ కింద చెయ్యి పెడితే నా చెయ్యే చల్లగా ఉండి వాడి ఒళ్ళు వేడిగా తగిలేది, మళ్ళీ లైటేసి థర్మామీటరు పెట్టేదాన్ని, 98 చూపించినా నమ్మకం కుదిరేది కాదు. 2022 జూలై వరదకి ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక ఇచ్చారు కదా, మా కాజ్‌వే మునిగి పడవ తప్ప దారి లేదు, పిల్లాడు హాయిగా పడుకున్నాడు, నేను మందుల సంచి ఒళ్ళో పెట్టుకుని తెల్లార్లూ కూర్చున్నా.

అందరూ ధైర్యంగా ఉండమ్మా అనేవారు. ధైర్యం చెప్పేవాళ్ళకి కొదవ లేదండి, రాత్రి పిల్లాడి పక్కన కూర్చునేవాళ్ళు కావాలి. నేను పడుకుంటే ఇంట్లో ఇంకెవరికీ ఏం చెయ్యాలో తెలీదు అన్న ఆలోచనే నన్ను పడుకోనిచ్చేది కాదు. పిల్లల డాక్టరమ్మగారు నా వాలకం చూసి ఈసారి మీ అత్తగారిని కూడా తీసుకురండి అన్నారు.

అత్తయ్యగారిని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పారు. ఈ జ్వరం ఫిట్స్ ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి రెండు నుంచి ఐదుగురికి వస్తాయట, మామూలు రకమైతే మెదడుకి ఏమీ కాదట. వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో చెంచా గానీ నీళ్ళు గానీ పెట్టకూడదు, చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ఉపయోగం లేదు, గడియారం చూడాలి, ఐదు నిమిషాలు దాటితే 108కి చెయ్యాలి. నాకు మాత్రం ఒక మాట గట్టిగా పట్టింది. చాలాసార్లు జ్వరం ఉందని మనకి తెలిసేలోపే ఫిట్స్ వచ్చేస్తాయి, జ్వరం మందు పిల్లాడికి సుఖంగా ఉండటానికే గానీ ఫిట్స్ రాకుండా ఆపుతుందని నమ్మకం లేదు అన్నారు. అంటే నేను రాత్రంతా కాపలా కాసినా వచ్చేదుంటే వస్తుంది, వస్తే ఏం చెయ్యాలో ఇంట్లో ఇద్దరికి తెలిస్తే చాలు.

ఆ రోజు నుంచి సగం రాత్రి ఆవిడ, సగం రాత్రి నేను. ఆవిడ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసేవారు, మందు వేళకి మందూ పోసేవారు, నేను అడ్డు చెప్పలేదు. మొదట్లో పక్కగదిలో పడుకున్నా చెవులు ఇటే ఉండేవి, మెల్లగా అలవాటైంది.

ఇంకోటండి, మీ ఒంటికి కూడా పరీక్షలు చేయించుకోండి. నా గుండెదడా నీరసమూ అంతా బెంగే అనుకున్నారు ఇంట్లో, రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ బాగా తక్కువుంది, ఐరన్ మాత్రలు వాడాక మెట్లెక్కితే ఆయాసం తగ్గింది. థైరాయిడ్ కూడా చూపించుకోండి. రెండు వారాలు దాటినా నిద్రా తిండీ దారికి రాకపోతే 14416కి ఫోన్ చెయ్యండి, అది మనసు బాగోలేనివాళ్ళతో మాట్లాడి సాయం చెయ్యడానికి ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీ మానస్ ఫోన్ సేవ, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. చచ్చిపోవాలని గానీ పిల్లాడిని ఏమైనా చేసేస్తానేమోనని గానీ ఆలోచన వస్తే మాత్రం రెండు వారాలు ఆగకండి, అప్పటికప్పుడు ఇంట్లో చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళిపోండి.

మీ ఇంట్లో రాత్రి పూట ఇంకెవరుంటారో రాయలేదు మీరు. ఎవరూ లేకపోతే పగలు ఒక రెండు గంటలు పిల్లాడిని చూసే మనిషిని, పక్కింటి పిన్నిగారైనా సరే, ముందు ఆ మనిషిని చూసుకోండి, ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు వెంట తీసుకెళ్ళండి.