నిజం ఆటల నుంచి చెస్ పజిల్స్: స్థాయికి తగ్గట్టు ఎలా?

చెన్నైలో అపార్ట్‌మెంట్ పిల్లలకు చెస్ నేర్పుతూ, అసలైన ఆటల నుంచి పజిల్స్ చేయడమెలా అని అడిగారు.

మీ ఊరి చెస్ ఆటగాడు గుకేశ్ ఆటే తీసుకోండి. 2024 ప్రపంచ చాంపియన్‌షిప్ 14వ గేమ్, 55వ ఎత్తులో తెల్ల పావులతో ఆడుతున్న ప్రత్యర్థి డింగ్ లిరెన్ రూక్‌ను ఎఫ్2 గడికి జరిపాడు. గుకేశ్ రూక్‌లు మార్చుకుని, బిషప్‌ను డీ5లో పెట్టాడు. డింగ్ బిషప్‌కు తప్పించుకునే చోటు లేదు. అదీ మార్పిడైతే గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ, ఇక గెలుపే.

కొత్తవాళ్లకు రూక్‌లు పోయాక ఉన్న స్థితి ఇచ్చి, డీ5 ఎత్తు ఒక్కటే అడగండి. కాస్త ఆడేవాళ్లకు ఎఫ్2 తప్పు జరిగిన క్షణం నుంచి ఇవ్వండి. గట్టివాళ్లకు దానికి ముందు స్థితి ఇచ్చి, "తెల్లవాళ్లు ఏం ఆడకూడదు?" అనండి. నాకైతే ఇదే అసలు పజిల్, ఎందుకంటే నిజం ఆటలో "ఇక్కడ గెలుపుంది" అని ఎవరూ చెప్పరు.

గెలిపించే ఎత్తు ఒకటే ఉందో లేదో స్టాక్‌ఫిష్ అనే చెస్ ప్రోగ్రామ్‌లో చూడండి. రెండుంటే పిల్లలు గొడవకొస్తారు! కష్టం ఎంతో మీరే ఊహించకండి. లీచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లో పజిల్‌నూ ఒక ప్రత్యర్థిలా చూస్తారు: ఎక్కువమంది తప్పు చేస్తే దాని రేటింగ్ (స్థాయిని చూపే అంకె) పెరుగుతుంది.