ఇంగ్లండ్ సముద్రతీరంలో ఆగస్టు పండుగలు: నన్నడిగితే ముందు సిడ్మత్

ఆగస్టులో మీ అబ్బాయి దగ్గరికి ఇంగ్లండ్ వెళ్తున్నామన్నారు. ఓ వారం సముద్రం పక్కన గడపాలి, రోజంతా నీళ్లు చూస్తూ కూర్చోకుండా కాస్త పాటో ఆటో ఉండాలి, వెంట పెద్దవాళ్లున్నారు, ఎక్కడికి వెళ్లమంటారు అని అడిగారు. నేను ఆరేళ్లు అక్కడ ఉద్యోగం చేశాను. వేసవి వస్తే మాకూ ఇదే వెతుకులాట.

సిడ్మత్ వెళ్లండి. డెవన్ తీరంలో ఎర్రటి కొండచరియల మధ్య చిన్న ఊరు. అక్కడ 1955లో జానపద పండుగ మొదలైంది. ఆగస్టు మొదట్లో వారం పాటు జరుగుతుంది. పెద్ద కచేరీలకు టికెట్లున్నాయి గానీ, నాకు నచ్చింది టికెట్ లేని పండుగ. సముద్రం గట్టు పొడవునా మోరిస్ నాట్యం బృందాలు ఒకదాని తర్వాత ఒకటి ఆడుతుంటాయి. కాళ్లకు మువ్వల పట్టీలు, చేతుల్లో తెల్ల రుమాళ్లు, కొందరి దగ్గర కర్రలు. మా అత్తగారు రెండు నిమిషాలు చూసి "ఇది మన కోలాటమే కదా" అన్నారు. పూర్తిగా కాదు, వీళ్ల గెంతులు వేరు. కానీ కర్రకు కర్ర తగిలే లెక్క ఆవిడకు వెంటనే పట్టుబడింది. మర్నాటి నుంచీ మాకంటే ముందే తయారై, మడత కుర్చీ పట్టుకుని గట్టు మీదికి చేరేవారు.

సాయంత్రం పబ్బుల్లో చూడండి. ఎవరో ఫిడేలు తీస్తారు, ఇంకెవరో పిల్లనగ్రోవి అందుకుంటారు, పావుగంటలో పది మంది వాయిస్తుంటారు. వేదికా మైకూ ఏమీ ఉండవు. మందు తాగాలనేం లేదు, ఓ నిమ్మరసం సోడా కొనుక్కుని మూల కూర్చోవచ్చు. ఒక్కరే గొంతెత్తి పాడుతున్నప్పుడు మాత్రం మాట్లాడకండి. నేను మొదటి రోజు ఫోన్‌లో మాట్లాడుతూ లోపలికి నడిచాను. అందరూ తిరిగి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది! కేలీ అనే సామూహిక నాట్యం ఉంటే తప్పకుండా వెళ్లండి. ఏం రాకపోయినా పర్లేదు, ముందు అడుగులు నేర్పి, పాట మొదలయ్యాక కూడా ఒకాయన అరిచి చెప్తూనే ఉంటాడు. చివరి రాత్రి కాగడాల ఊరేగింపు ఉంటుంది. పెద్దవాళ్లకు ఓపిక ఉన్నా లేకపోయినా దాన్ని వదులుకోకండి.

ఇబ్బంది అంతా చేరుకోవడంలోనే. సిడ్మత్ రైలు స్టేషన్ 1967లోనే మూసేశారు. హోనిటన్‌లో దిగి బస్సో టాక్సీయో చూసుకోవాలి. మొదటి ఏడాది మేం తీరిగ్గా మే నెలలో గది వెతికాం. ఊళ్లో ఒక్కటీ దొరకలేదు. దగ్గర్లోని ఎక్సెటర్ నగరంలో ఉండి రోజూ బస్సులో వెళ్లొచ్చాం. దాంతో ఏమైందంటే, పబ్బులో పాట ఊపందుకునే సరికి మేం బస్సు తప్పిపోతుందనే టెన్షన్‌తో లేచి పరిగెత్తేవాళ్లం. ఆ ఏడాది కాగడాల ఊరేగింపూ చూడలేదు. తర్వాతి ఏడాది జనవరిలోనే గది తీసుకున్నాం. మీరు ఈ ఏడాదికే అయితే ఇవాళే మొదలుపెట్టండి.

ఇంకో మాట, అక్కడ ఎక్కువగా గులకరాళ్ల ఒడ్డే. మెత్తటి ఇసుక ఊహించుకుని చెప్పులు విప్పితే నాలుగు అడుగులు వేయలేరు. ఆగస్టు మొదట్లో తొమ్మిది కావొస్తుంటే గానీ పొద్దు గుంకదు, కానీ గాలి చల్లగా కొడుతుంది. పెద్దవాళ్లకు స్వెటర్ ఉండాల్సిందే.

ఎవరైనా బ్రైటన్ పేరు చెప్తారేమో, అక్కడి పెద్ద పండుగ మే నెలలో. ఎడిన్‌బరా పండుగలు ఆగస్టులోనే, దగ్గర్లో పోర్టొబెల్లో బీచ్ కూడా ఉంది, కానీ అది స్కాట్లండ్, పైగా ఆ నెలలో గదుల ధరలు వింటే సముద్రం గుర్తురాదు. ఇంగ్లండ్ తూర్పు తీరంలో ఉన్న ఆల్డ్‌బరాది వేరే రుచి. స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ తన మిత్రులతో కలిసి 1948లో మొదలుపెట్టిన పాశ్చాత్య శాస్త్రీయ సంగీతోత్సవం, జూన్‌లో జరుగుతుంది. అసలు కచేరీలు స్నేప్ మాల్టింగ్స్ అనే హాల్లో. ఒకప్పుడు బార్లీని మొలకెత్తించి ఎండబెట్టిన కట్టడం. 1969లో పండుగ మొదటి రాత్రే కాలిపోతే మరుసటి పండుగకల్లా మళ్లీ కట్టేశారు. నిజం చెప్పొద్దూ, రెండో సగంలో నేను కునికిపాట్లు పడ్డాను. విరామంలో బయటి రెల్లుగడ్డి మీద గాలి చప్పుడు మాత్రం బాగా విన్నాను. ఆగస్టులో కూడా అక్కడ కచేరీలుంటాయి, మీకు ఆ సంగీతం అలవాటుంటే చూడండి.

లండన్ నుంచి ఒక్కరోజు ప్రయాణమే కుదిరితే ఆగ్నేయ తీరంలోని ఫోక్‌స్టన్. హైస్పీడ్ రైల్లో గంటలోపే. మూడేళ్లకోసారి అక్కడ కళల పండుగ చేస్తారు, 2008లో మొదలైంది. పండుగ లేని ఏడాదైనా ఫర్వాలేదు, ప్రతిసారీ కొన్ని కళాఖండాలు ఊళ్లోనే ఉంచేస్తారు, వీధుల్లో, రేవులో, ఉచితంగా. ఓ చోట మా అత్తగారు "అయ్యో, ఎవరి పాపదో" అంటూ చిన్న మేజోడు తీయడానికి వంగారు. రాలేదు. అది కంచుతో పోతపోసి రంగు వేసింది, ట్రేసీ ఎమిన్ అనే కళాకారిణి చేసిన పసిపిల్లల వస్తువుల్లో ఒకటి. మా అమ్మాయికి మాత్రం 2014 కథే నచ్చింది. మిఖాయెల్ జైల్‌స్టోర్ఫర్ అనే కళాకారుడు ఆ ఏడాది రేవు పక్క ఇసుకలో పది వేల పౌండ్ల విలువైన 30 చిన్న బంగారు ముక్కలు పాతిపెట్టించాడు. ఎవరికి దొరికితే వాళ్లదే. ఊరంతా పారలతో దిగింది. కొన్ని దొరికాయి, అన్నీ దొరికాయో లేదో ఎవరికీ తెలీదు. ఆ మాట వినగానే మా అమ్మాయి బకెట్టూ చిన్న పారా కొనిపించుకుంది. మీ వాళ్లకూ తవ్వాలనిపిస్తే ముందు ఆటుపోట్ల వేళలు చూసుకోండి, పోటు వచ్చినప్పుడు ఆ ఇసుకంతా నీళ్ల కిందే ఉంటుంది.