రాత మానిపించి టైపింగ్ నేర్పించాలా?

ప్రశ్న: మా బాబు ఐదో తరగతి. అడిగితే పాఠమంతా గడగడా చెప్పేస్తాడు. రాయమంటే నాలుగు లైన్లకే చెయ్యి విదిలిస్తాడు. ఒత్తులు పక్క అక్షరం కిందకి పోతాయి. టైపింగ్ నేర్పిద్దామంటే ‘ఇక వాడికి రాత రానే రాదు’ అంటున్నారు మా అత్తగారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: రెండూ నేర్పించండమ్మా. అక్షరం గీయడంలోనే తలమునకలైతే, చెప్పదలచుకున్నది మర్చిపోతాడు. అందుకే పెద్ద జవాబులు, వ్యాసాలు టైప్ చేయనివ్వండి. లెక్కలు, చిన్న చిన్న వాక్యాలు చేత్తోనే రాయించండి, రోజూ ఓ పది నిమిషాలు. కాపీరైటింగ్ పుస్తకాలు నింపించొద్దు. నోటుబుక్కు వెనక పేజీ తడిమి చూడండి. రాసిన గీతలు ఉబ్బెత్తుగా తగిలితే పెన్సిల్ మరీ గట్టిగా నొక్కుతున్నట్టే.

టైపింగూ మొదట్లో తేలిక కాదు. ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డులో ‘అమ్మ’ అని రావాలంటే అ, మ, పొల్లు, మళ్లీ మ నొక్కాలి. ఒత్తు ఎక్కడ పెట్టాలన్న బెంగ మాత్రం ఉండదు, కంప్యూటరే పెడుతుంది. వేళ్లు అలవాటు పడేదాకా పెన్సిల్ కంటే నెమ్మదిగానే సాగొచ్చు, టెన్షన్ పడకండి.

ముందు కళ్లు చూపించి, తర్వాత ఆక్యుపేషనల్ థెరపిస్టు (రాత లాంటి రోజువారీ పనులు సులువయ్యేలా సాయపడే నిపుణులు) దగ్గరికి తీసుకెళ్లండి. డిస్‌గ్రాఫియా (రాయడంలో ఇబ్బంది పెట్టే అభ్యసన లోపం) అని తేలితే అది 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కిందికి వస్తుంది. మీది సీబీఎస్‌ఈ బడి అయితే, సర్టిఫికెట్ చూపించి బోర్డు పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, కంప్యూటర్ అడగొచ్చు. ఆ కాగితాల పని మాత్రం పదో తరగతి దాకా వాయిదా వేయకండి.