దిగిన తరువాతి రెండు వారాలు రోవర్ ఏం చేసింది?

నాసా పంపిన పర్సెవరెన్స్ రోవర్ (చక్రాలపై తిరిగే రోబో వాహనం) అంగారకుడిపై దిగడాన్ని ఎంతో ఉత్సాహంగా చూశానని, ఆ తరువాత రెండు వారాల పాటు అది దిగినచోటే ఉండిపోవడం నిరాశ కలిగించిందని, ఇటువంటి యాత్రలను వదలకుండా గమనించేవారు ఆ ఖాళీ రోజుల్లో ఏం చూస్తారని మీరు అడిగారు. 2021 ఫిబ్రవరి 18 నుంచి ఆ సెప్టెంబరు దాకా దాదాపు ప్రతిరోజూ ఆ యాత్రను గమనించినవాణ్ణి కనుక నా అనుభవం చెబుతాను. మీరు ఖాళీ రోజులంటున్నవే నాకు బాగా గుర్తుండిపోయాయి.

ముందుగా దిగడం గురించి ఒక మాట. ఆ ప్రసారాన్ని మా అమ్మాయితో కలిసి చూస్తూ, అక్కడి నుంచి రేడియో సంకేతం మనల్ని చేరడానికి 11 నిమిషాలకు పైగా పడుతుందని, రోవర్ వాతావరణంలోకి ప్రవేశించి నేలను తాకడానికి మాత్రం ఏడు నిమిషాలే చాలునని చెప్పాను. తను కాసేపు లెక్క వేసుకుని, "అయితే లోపలికి ప్రవేశించిందని వీళ్లు చెప్పేసరికే అది దిగిపోయి ఉంటుంది కదా నాన్నా" అంది. సరిగ్గా అంతే. గంటకు 19,000 కిలోమీటర్లకు పైగా వేగంతో వచ్చిన ఆ వాహనం ఉష్ణకవచంతోను, 21.5 మీటర్ల వ్యాసం గల పారాచూట్‌తోను, చివరకు రాకెట్లతోను వేగం తగ్గించుకుని, కింద కనిపించే నేలను అప్పటికప్పుడు ఫొటోలు తీసి తన దగ్గరున్న పటంతో పోల్చుకుని, ప్రమాదం తక్కువున్న చోటును తానే ఎంచుకుంది. భూమి మీది నుంచి ఎవరూ చేయి వేయడానికి వీల్లేని పని అది. నియంత్రణ కేంద్రం నుంచి నాసా ఇంజనీరు స్వాతి మోహన్ గారు దిగిందని ప్రకటించే వేళకు రోవర్ అంగారకుడిపై జెజెరో అనే పెద్ద గుంటలో (బిలంలో) 11 నిమిషాలుగా నిలబడి ఉంది.

ఇక మీరు అడిగిన రెండు వారాలు. దిగడానికి రాసిన సాఫ్ట్‌వేర్ నేల మీద పనికి సరిపోదు కనుక దాని స్థానంలో మరొకటి ఎక్కించారు. కెమెరాల స్తంభాన్ని పైకి లేపారు. మార్చి 2న మడిచి ఉన్న రోబో చేతిని తొలిసారి విప్పి, దాని అయిదు కీళ్లనూ రెండు గంటల పాటు కదిలించి చూశారు. ఏ భాగాన్ని కదిలించినా అంగారకుడిపై అదే మొదటిసారి. తేడా వస్తే విప్పి బాగుచేసే దిక్కు లేదు. అందుకే ఒక విడత ఆజ్ఞలు పంపడం, జవాబు వచ్చేదాకా ఆగడం, దాన్ని పరిశీలించి తరువాతి విడత రాయడం, ఈ వరుసలోనే సాగారు. మార్చి 4న అది 4 మీటర్లు ముందుకు వెళ్లి, ఎడమకు 150 డిగ్రీలు తిరిగి, 2.5 మీటర్లు వెనక్కి వచ్చింది. ఆ 6.5 మీటర్లకు 33 నిమిషాలు పట్టింది. ఎర్రమట్టిలో చక్రాల జాడలు పడిన ఆనాటి ఫొటోను నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. మొదట్లో నాసా విడుదల చేసే ముడి చిత్రాలను మన తేదీల ప్రకారం నోటుపుస్తకంలో రాసుకున్నాను. కొన్ని వారాలకు లెక్క తప్పి, ఒకరోజు చిత్రాలు రాలేదని కంగారు పడ్డాను. అంగారకుడి దినాన్ని సోల్ అంటారు. అది 24 గంటల 39 నిమిషాలకు పైగా ఉంటుంది కనుక దాదాపు 37 రోజుల్లో మనకూ దానికీ ఒక పూర్తి దినం తేడా వచ్చేస్తుంది. మీరు మొదటి నుంచే సోల్ సంఖ్య ప్రకారం రాసుకోండి.

రోవర్ తనతో తీసుకెళ్లిన ఇంజెన్యుటీ అనే చిన్న హెలికాప్టర్ ఏప్రిల్ 19న 39 సెకన్ల పాటు ఎగిరిన సంగతి అందరూ చూసినదే కాబట్టి దాన్ని వదిలేసి, ఆగస్టు 6కు వస్తాను. ఆ రోజు రోవర్ తొలిసారి ఒక రాతిని తొలిచి, నమూనాను గొట్టంలోకి తీసుకోబోయింది. డ్రిల్లు తిరిగింది, గొట్టానికి మూత పడింది, అన్నీ సవ్యంగానే ఉన్నాయని సమాచారం వచ్చింది, తీరా చూస్తే గొట్టం ఖాళీ. పరికరాల్లో లోపం లేదు. ఆ రాయే మరీ గుల్లగా ఉండి పొడిపొడి అయిపోయింది.

సెప్టెంబరు 1న రోషెట్ అని పేరు పెట్టిన మరో రాతిని తొలిచినప్పుడు, మూత వేయకముందే గొట్టంలోకి ఫొటో తీశారు. రాతిముక్క స్పష్టంగా కనిపించింది. కాసేపటి తరువాత తీసిన ఫొటోల్లో వెలుతురు చాలక అది ఉందో లేదో తెలియలేదు. ఎండ సరిగా పడే వేళ చూసి 4న మళ్లీ తీస్తే, ముక్క లోపలే ఉంది. 6న మూత వేశారు. ఆ మూడు రోజులూ నేను పడిన ఆదుర్దా, నిజం చెప్పాలంటే, ఫిబ్రవరిలో పడినదానికన్నా ఎక్కువ.