కనబడనివాడి గడి కాగితం మీద రాసిపెట్టు

చిట్టీ,

వచ్చే ఆదివారం మీ ఎంవీపీ కాలనీ ఇంట్లో డన్జియన్స్ అండ్ డ్రాగన్స్ (తలో పాత్ర వేసుకుని, పాచికలతో కథ నడిపే ఆట) ఆడుతున్నారనీ, ఈసారి డీఎంవి, అంటే కథ చెప్తూ శత్రువులందర్నీ ఆడించే డన్జియన్ మాస్టర్‌వి నువ్వేననీ అక్క ఫోన్‌లో చెప్పింది. "మాయమైపోయే మంత్రగాడంట, వాడితో అందరికీ యుద్ధమంట, రాత్రంతా కూర్చుని రాస్తోందిరా" అంది. మనింట్లో నా తరవాత ఈ ఆట పట్టుకున్నది నువ్వొక్కదానివే. నాకు ఎంత సంబరమేసిందో చెప్పలేను. ఆ సంబరంలోనే గుబులూ పట్టుకుంది. గాబ్లిన్ల గుంపుని పెట్టుకోవచ్చు, కాదంటే ఓ డ్రాగన్‌ని పెట్టుకోవచ్చు. మొదటిసారే కనబడని శత్రువుని ఎందుకు నెత్తికెత్తుకున్నావమ్మా? నన్నో మాట అడగొద్దూ?

సరే, అనుకున్నావు గనక మానొద్దు. మ్యాప్ ముందే గీసుకో, గడికి 5 అడుగులు. ఎవరి తరవాత ఎవరి వంతో అందరికీ కనబడేలా రాసిపెట్టు. 2014 పుస్తకం రూల్సా, 2024 పుస్తకం రూల్సా అన్నది పాచిక ముట్టుకోకముందే తేల్చండి, దాక్కోవడం గురించి ఆ రెండూ ఒకే మాట చెప్పవు. నాకు చేతికి అలవాటైనవి 2014వి, వాటి ప్రకారమే రాస్తున్నాను.

చిన్నప్పుడు నిన్ను బీచ్ రోడ్డులో కుర్సురా సబ్‌మెరైన్ చూపించడానికి తీసుకెళ్ళాను. ఆ ఇరుకు దారిలో నా చెయ్యి వదలకుండా నడుస్తూ, "నీళ్ళ కింద ఇది కనబడదు కదా మావయ్యా, మరి శత్రువులకి ఎలా తెలుస్తుంది?" అన్నావు. చప్పుడుని బట్టి పట్టేస్తారమ్మా అన్నాను. నీ మంత్రగాడి సంగతీ అంతే. ఇన్విజిబుల్ అయ్యాడంటే కంటికి కనబడడని మాత్రమే. వాడి అడుగులు వినబడతాయి, మట్టిలో గుర్తులు పడతాయి. జాడే తెలియకుండా ఉండాలంటే తన వంతులో యాక్షన్, అంటే ఆ వంతులో చేసే అసలు పని, ఖర్చుపెట్టి హైడ్ చెయ్యాలి (దాక్కోవాలి), వాడి స్టెల్త్ (దాక్కోవడానికి వేసే పాచిక) మీవాళ్ళ పాసివ్ పర్సెప్షన్‌ని (పాచిక వెయ్యకుండానే గమనించే అంకెని) దాటాలి. అంతవరకూ వాడున్న గడి అందరికీ తెలిసినట్టే లెక్క. వాడి మీద వేసే దెబ్బకి డిస్అడ్వాంటేజ్ (రెండు పాచికలేసి చిన్న అంకె తీసుకోవాలి), వాడు వేసే దెబ్బకి అడ్వాంటేజ్ (పెద్ద అంకె తీసుకోవాలి). దాక్కుని కొట్టినా సరే, దెబ్బ తగిలినా తప్పినా వాడున్న చోటు బయటపడిపోతుంది. యుద్ధం గోలలో అంత దూరం నుంచి అడుగులు వినబడతాయా అని ఎవరైనా అడుగుతారు. అది తేల్చాల్సింది నువ్వు. మొదటి రౌండులో (అందరి వంతులూ ఒకసారి అయితే ఒక రౌండు) ఏం చెప్పావో ఆఖరి రౌండులోనూ అదే చెప్పు.

ఇంకో రెండు మాటలు. కంటికి కనబడనివాడు పక్కనుంచి జారుకుంటుంటే ఆపర్చునిటీ ఎటాక్ (జారుకునేవాడి మీద అక్కడికక్కడే వేసే దెబ్బ) ఉండదు. మ్యాజిక్ మిసైల్ లాగా కంటికి కనబడేవాళ్ళ మీదే వేసే మంత్రాలు వాడి మీద పనిచెయ్యవు. ఫైర్‌బాల్‌కి ఆ పట్టింపు లేదు, అది పడిన చోట ఎవరున్నా అంటుకుంటుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. దీనికోసమే ఈ ఉత్తరం.

నేను హాస్టల్లో ఉన్నప్పుడు ఈ ఆటలో మూడో ఎడిషన్ ఆడేవాళ్ళం, 2000లో వచ్చింది అది. ఎవరో అమెరికా నుంచి తెచ్చిన పుస్తకానికి జిరాక్స్ తీయించుకున్నాం. మా డీఎం చాలా మంచివాడు, కథ చెప్తే అన్నం బెల్లు కూడా వినబడేది కాదు. ఒక రాత్రి కనబడని దొంగని మా మీదికి వదిలాడు. వాడెక్కడున్నాడో డీఎం బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు. మాలో ఒక కుర్రాడు, రోగ్ (చాటుమాటుగా పని కానిచ్చే పాత్ర) ఆడేవాడు, పెద్దగా మాట్లాడేవాడు కాదు. వచ్చిన ప్రతి చప్పుడూ లెక్కగట్టుకుని, మూలనున్న గడి చూపించి "ఇక్కడ కొడుతున్నా" అన్నాడు. డీఎం పుస్తకం చాటున పాచిక వేసి "తప్పింది" అన్నాడు, అంతే. ఆ ఎడిషన్‌లో సరైన గడి కొట్టినా సగానికి సగం తప్పిపోయే అవకాశముంది, దానికి వేరే పాచిక వెయ్యాలి. గడి సరైందో కాదో కొట్టినవాడికి చెప్పకపోవడమూ మామూలే. ఈ పిల్లవాడు గడి తప్పనుకుని వెళ్ళి ఇంకో మూల వెతికాడు. రెండు రౌండ్ల తరవాత దొంగ లేచాడు, సరిగ్గా ఆ మొదటి గడిలోంచే.

"నువ్వు జరిపేశావు" అన్నాడు కుర్రాడు. గొంతు పెంచి కూడా అనలేదు. డీఎం ఒట్లు పెట్టాడు, దొంగ అక్కడే ఉన్నాడు, పాచిక తప్పిందంతే అన్నాడు. అతను చెప్పింది నిజమని నేను ఇప్పటికీ నమ్ముతాను. కానీ చూపించడానికి చేతిలో ఏముంది? పాచిక చాటున పడింది, గడి బుర్రలో ఉంది. మేం తలో పక్షం చేరి అరుచుకున్నాం. ఆ కుర్రాడు పాచికలు జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు, మళ్ళీ మా గదికి రాలేదు. మెస్సులో ఎదురుపడినా పళ్ళెం వైపు చూస్తూ తినేవాడు. మంచి స్నేహం పోయింది. డీఎం నిజాయితీపరుడై ఉండి కూడా దొంగలా నిలబడాల్సి వచ్చింది, అదే నాకు ఎక్కువ బాధ.

నువ్వు ఆ కుర్చీలో కూర్చోబోతున్నావు గనకే ఇంత చెప్తున్నాను. నీ సంగతి నాకు తెలీదూ? తప్పు చెయ్యకుండా మాట పడితే నీకు గొంతు పెగలదు, ముందు కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. 2014 రూల్స్‌లోనూ వాడు దాక్కున్నాక అదే చిక్కుంది. కొట్టినవాడు గడి తప్పుగా ఊహిస్తే దెబ్బ దానంతటదే తప్పుతుంది, నువ్వు సాధారణంగా "తప్పింది" అని ఊరుకుంటావు, ఎందుకు తప్పిందో చెప్పవు. నీ మాట తప్ప వాళ్ళకి ఇంకో ఆధారం లేదు. అందుకని గళ్ళకి అడ్డంగా అక్షరాలు, నిలువుగా అంకెలు వేసుకో. మంత్రగాడి వంతు అయిన ప్రతిసారీ వాడున్న గడి ఒక కాగితం మీద రాసి, మడిచి, బల్ల మధ్యలో బోర్లించు. తరవాతివాళ్ళు నోరు విప్పకముందే అది అక్కడుండాలి. యుద్ధం అయ్యాక విప్పి అందరికీ చూపించు, ఎవరూ అడగకపోయినా చూపించు.

అలాగే వాడి మంత్రం ఏదో ముందే రాసుకో. ఇన్విజిబిలిటీ రెండో లెవెలుది, గంటదాకా ఉంటుంది గానీ వాడు దెబ్బ వేసినా మంత్రం వేసినా పోతుంది. గ్రేటర్ ఇన్విజిబిలిటీ నాలుగో లెవెలుది, కొడుతూనే ఉండొచ్చు, కానీ ఒక్క నిమిషమే, అంటే 10 రౌండ్లు. రెండింటికీ కాన్సన్‌ట్రేషన్ కావాలి, అంటే మనసు చెదరకుండా మంత్రాన్ని పట్టి ఉంచాలి. వాడికి దెబ్బ తగిలిన ప్రతిసారీ అది చెదరకుండా కాన్‌స్టిట్యూషన్ సేవ్ (ఒంటి దృఢత్వంతో తట్టుకోవడానికి వేసే పాచిక) వెయ్యాలి: 10, లేదా దెబ్బలో సగం, ఏది ఎక్కువైతే కనీసం అంతైనా రావాలి. గాభరాలో మరిచిపోయేది ఇదే. ఈ పాచిక మాత్రం చాటున వెయ్యకు, అందరి కళ్ళ ముందూ వెయ్యి.

ఇంద్రజిత్తు మాయలో దాక్కుంటే విభీషణుడు చూడగలిగాడు. నికుంభిలలో హోమం పూర్తికాకముందే లక్ష్మణుణ్ణి తీసుకెళ్ళిందీ ఆయనే. నీ బల్ల దగ్గరా అలాంటి దారి ఒకటి ఉండాలి. ఎవరికైనా ఫెయరీ ఫైర్ మంత్రం ఉందేమో చూడు, 20 అడుగుల ఘనంలో సేవ్ తప్పినవాడికి చుట్టూ వెలుగు అంటుకుని ఇన్విజిబుల్ అన్న లాభమే పోతుంది. లేకపోతే సీ ఇన్విజిబిలిటీ (కనబడనివాళ్ళని చూపించే మంత్రం) రాసున్న స్క్రోల్ ఒకటి ముందు గదిలో దొరికేలా పెట్టు. యుద్ధం ఇసకలో గానీ తడి నేలలో గానీ జరిగితే ఇంకా మేలు, అడుగులు పడతాయి. ఏ దారీ లేకుండా పిల్లలందరూ గాల్లో కత్తులు తిప్పుతూ సాయంత్రమంతా కూర్చుంటే అది నాకు కోపం తెప్పిస్తుంది.

మీవాళ్ళలోనే ఎవరైనా మాయమైతే వాళ్ళ టోకెన్ (మ్యాప్ మీద పెట్టే బిళ్ళ) బల్ల మీదే ఉంచు. నీకు కనబడుతుంది గనక నీ రాక్షసులందరూ సూటిగా అక్కడికే వస్తే అన్యాయం. వాళ్ళు విన్నదాన్ని బట్టే నడిపించు. తోడేళ్ళుంటే వాసన పడతాయి, దానికి నేను అడ్డం చెప్పను.

శనివారం సాయంత్రం మ్యాప్ ఫొటో తీసి పంపు. ఫోన్ చేస్తే డాబా మీదికెళ్ళి చెయ్యి. మీ తమ్ముడూ ఆడుతున్నాడట, మంత్రగాడు ఎక్కడ మొదలుపెడతాడో వాడి చెవిన పడకూడదు.

నీ మావయ్య