రెస్ట్రిక్షన్ ఎంజైమ్ ‘నిరోధక ఎంజైమ్’ అవుతుందా?

సందేహం: జీవశాస్త్ర పాఠాలు తెలుగులో రాస్తున్నాను. బాక్టీరియాల నుంచి తీసే, డీఎన్‌ఏను కత్తిరించే రెస్ట్రిక్షన్ ఎంజైమ్‌లను ‘నిరోధక ఎంజైమ్‌లు’ అనాలా, ‘పరిమితి ఎంజైమ్‌లు’ అనాలా? అవి గుర్తుపట్టే వరస ‘వికటకవి’ లాంటిదంటారు. కానీ ‘ఎకో ఆర్’ అనే ఎంజైమ్ గుర్తుపట్టే డీఎన్‌ఏ అక్షరాల వరస జీఏఏటీటీసీని వెనక నుంచి చదివితే అదే రావడం లేదు. ఆ ‘ఎకో ఆర్’ పేరు పక్కన ఉండేది ‘ఐ’ అక్షరమా, ఒకటి అంకెనా?

సమాధానం: మొదటి ప్రశ్నకు, రెండు మాటలూ వద్దనే అంటాను. ఎందుకో తెలియాలంటే ఆ పేరు ఎలా పుట్టిందో చూడాలి. ఎంజైమ్ ఇంకా ఎవరి చేతికీ దొరక్కముందే ‘రెస్ట్రిక్షన్’ అనే మాట వచ్చేసింది.

1950ల మొదట్లో సాల్వడార్ లూరియా, మేరీ హ్యూమన్, ఆ వెంటనే బెర్టానీ, వైగల్ ఒక వింత గమనించారు. బాక్టీరియాలను పట్టే వైరస్‌ను ఫేజ్ అంటారు. ఒక రకం బాక్టీరియాలో పెరిగిన ఫేజ్ మరో రకంలో పెరగడానికి నానా తంటాలు పడుతుంది. లాంబ్డా అనే ఫేజ్‌ను ఈ.కోలై అనే బాక్టీరియా ‘సి’ రకంలో పెంచి ‘కె’ రకం మీదికి వదిలితే పదివేలకు ఒకటో రెండో నిలదొక్కుకుంటాయి. వాటి సంతానం మాత్రం ‘కె’లో హాయిగా పెరుగుతుంది. మళ్లీ ఒక్కసారి ‘సి’లో పెరిగొచ్చిందా, కథ మొదటికి! అంటే అడ్డు పడింది వైరస్ పెరుగుదలకు. ఆ అడ్డుకే రెస్ట్రిక్షన్ అని పేరు.

పరాయి ఫేజ్ డీఎన్‌ఏ లోపలికి వెళ్లాక ముక్కలవుతోందని 1962లో జెనీవాలో వెర్నర్ ఆర్బర్, డైసీ డ్యూస్వా చూపించారు. బాక్టీరియా తన డీఎన్‌ఏకు మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు పెట్టుకుంటుంది గనక అది తెగదు. నిర్ణీత వరస దగ్గరే కోసే ఎంజైమ్ మొదటిసారి 1970లో, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో దొరికింది. హామిల్టన్ స్మిత్, కెంట్ విల్‌కాక్స్ దాన్ని పట్టుకున్న తీరు నాకు చాలా ఇష్టం. పొడవాటి డీఎన్‌ఏ ఉన్న ద్రవం జిగటగా ఉంటుంది, తెగేకొద్దీ పలచబడుతుంది. హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే అనే బాక్టీరియా నుంచి తీసిన రసాన్ని పీ22 ఫేజ్ డీఎన్‌ఏలో కలిపితే చిక్కదనం తగ్గింది. హీమోఫిలస్ సొంత డీఎన్‌ఏలో కలిపితే తగ్గలేదు. పరాయిదాన్నే కోస్తోందని అలా తేలింది. థామస్ కెలీతో కలిసి స్మిత్ అది గుర్తుపట్టే ఆరు అక్షరాల వరసనూ తేల్చాడు. మరుసటి ఏడు డేనియల్ నాథన్స్, క్యాథ్లీన్ డానా ఆ బాక్టీరియా ఎంజైమ్‌తోనే ఎస్‌వీ40 వైరస్ డీఎన్‌ఏను 11 ముక్కలు చేశారు. ఆర్బర్, నాథన్స్, స్మిత్‌లకు 1978లో నోబెల్ వచ్చింది.

ఇప్పుడు మీ మాటలకు వద్దాం. ‘పరిమితి ఎంజైమ్’ అంటే ఎంజైమ్‌కే ఏదో హద్దు ఉన్నట్టు వినిపిస్తుంది. ‘నిరోధక’తో ఇంకో చిక్కు. ఎంజైమ్‌ల పనిని ఆపే పదార్థాలను ఇప్పటికే ‘ఎంజైమ్ నిరోధకాలు’ అంటున్నాం. మందులకు లొంగని బాక్టీరియాకు ‘నిరోధకత’ ఉందంటున్నాం. మూడూ ఒకే పాఠంలో వస్తే పిల్లలకు పరీక్షలో టెన్షన్ తప్పదు. ‘రెస్ట్రిక్షన్ ఎంజైమ్’ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘డీఎన్‌ఏలో ఒక నిర్ణీత వరసను గుర్తుపట్టి కత్తిరించే ఎంజైమ్’ అని విప్పి చెప్పండి. ‘అణు కత్తెర’ అని రాసేవాళ్లూ ఉన్నారు. పాఠ్యపుస్తకాల్లో అణువు వేరు, పరమాణువు వేరు. పత్రికల్లో మాత్రం అణుబాంబు, అణు విద్యుత్తు! అందుకే ఆ ‘అణు’ జోలికి పోకపోవడమే మేలు. ఉత్త ‘కత్తెర’కు నా అభ్యంతరం లేదు. ఆర్బర్ పదేళ్ల కూతురు తండ్రి పరిశోధనను కథగా చెబుతూ, పరాయి రాజు చొరబడితే ముక్కలు చేసి, తన రాజును మాత్రం ముట్టుకోని కత్తెర సేవకుడని ఈ ఎంజైమ్‌ను వర్ణించింది.

వికటకవి విషయంలో మీ అనుమానం న్యాయమైనదే. ఆ మాటను ఒకే వరస మీద వెనక్కి చదువుతాం. డీఎన్‌ఏకు రెండు పేటలు. ఒక పేటలో ఏ ఉన్నచోట రెండోదాంట్లో టీ, జీ ఉన్నచోట సీ ఉంటాయి. జీఏఏటీటీసీకి ఎదురుగా ఉండేది సీటీటీఏఏజీ. అయితే ఆ రెండో పేటను చదవాల్సింది అవతలి కొస నుంచి. అలా చదివితే మళ్లీ జీఏఏటీటీసీయే. ఎకో ఆర్ ఎంజైమ్ రెండు ఒకేలాంటి సగాల జంట, ఒక్కో సగం ఒక్కో పేటను కోస్తుంది. రెండింటికీ ఒకే వరస కావాల్సింది అందుకే. వికటకవిని ఉదాహరణగా ఇస్తే ఇవ్వండి గానీ, పక్కనే రెండు పేటల బొమ్మ వేయండి.

చివరి ప్రశ్న తేలికైనది. అది రోమన్ అంకె, ఒకటి. స్మిత్, నాథన్స్ 1973లో ఈ పేర్లకు ఒక పద్ధతి ప్రతిపాదించారు. ప్రజాతి పేరు నుంచి ఒక అక్షరం, జాతి పేరు నుంచి రెండు, ఆపై రకాన్ని తెలిపే అక్షరం, చివర ఎన్నో ఎంజైమో చెప్పే రోమన్ అంకె. ఎషెరిషియా కోలై నుంచి ‘ఎకో’, ఆర్‌వై13 రకం నుంచి ‘ఆర్’. ల్యాబుల్లో కూడా ‘వన్’ అనే పలుకుతారు. తెలుగు లిపిలో ‘ఐ’ అని రాస్తే అది అంకె అని తెలిసే దారే లేదు. ‘ఎకో ఆర్-1’ అని రాయండి. అలాగే హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే నుంచి తీసిన మరో ఎంజైమ్‌ను ‘హిన్‌డి-3’ అని. దీన్ని కలిపి పలికితే హిందీలా వినిపిస్తుంది కాబట్టి ఆ పొల్లును మాత్రం వదలకండి.