ఎకో రిపోర్టులో ‘ఎంఎస్’ ఉంటే నరాల జబ్బేనా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. చెల్లికి 29 ఏళ్లు. మెట్లెక్కితే ఆయాసపడుతోందని ఎకో తీయిస్తే ‘మైల్డ్ ఎంఎస్, వాల్వ్ ఏరియా 1.8’ అని రాశారు. నెట్‌లో చూస్తే ఎంఎస్ అంటే నరాల జబ్బని, నడక కూడా పోవచ్చని ఉంది. సంబంధాలు చూస్తున్నాం. అమ్మ సరిగా అన్నం కూడా తినట్లేదు.

జవాబు: ముందు అమ్మగారిని భోజనం చేయమనండి. మీరు చదివింది మల్టిపుల్ స్క్లెరోసిస్ గురించి. మెదడు, వెన్నుపాముల్లో నరాల మీది పొర దెబ్బతినే జబ్బది, దానికి ఎంఆర్ఐ తీస్తారు, ఎకోలో అది కనిపించే అవకాశమే లేదు. ఎకో గుండెకు చేసే స్కాన్ కాబట్టి అందులో ఎంఎస్ అంటే మైట్రల్ స్టెనోసిస్, గుండె ఎడమవైపు పైగదికీ కిందిగదికీ మధ్యనున్న కవాటం సన్నబడటం. అమెరికాలో పిల్లలు చదివే ఎంఎస్ వేరు, సర్జన్ పేరు పక్కన ఉండే ఎంఎస్ వేరు, అవి మీకు తెలిసినవే. కానీ రోగి చేతికిచ్చే కాగితం మీద రెండక్షరాలు రాసి వదిలేయడం మా డాక్టర్ల వైపు తప్పే. మార్ఫిన్ సల్ఫేట్‌కూ మెగ్నీషియం సల్ఫేట్‌కూ తేడా తెలియకుండా పోతోందని, మందుల చీటీల్లో ‘ఎంఎస్’ రాయొద్దని అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లోనే నిషేధం పెట్టింది.

ఇక చెల్లి సంగతి. ఆ కవాటం మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు తెరుచుకుంటుంది, 1.5కి గానీ ఇంకా కిందికి గానీ వస్తే తీవ్రమైనట్టు. 1.8 దగ్గర సాధారణంగా ఆయాసం రాదు, అందుకే హిమోగ్లోబిన్, థైరాయిడ్ కూడా చూపించండి, మన ఆడపిల్లల్లో రక్తహీనత చాలా ఎక్కువ. చిన్నప్పుడు గొంతునొప్పి, జ్వరం తర్వాత కీళ్లు వాచాయేమో అమ్మగారిని అడగండి. ఈ జబ్బు ఎక్కువగా ఆ రుమాటిక్ జ్వరం వల్లే వస్తుంది, అదే అయితే మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఎన్నేళ్లు వాడాలో కార్డియాలజిస్టు చెబుతారు.

పెళ్లికి ఇది అడ్డం కాదు, నిశ్చింతగా చేయండి, అబ్బాయి వాళ్లకు దాచకుండా చెప్పండి. గర్భంలో మాత్రం రక్తం దాదాపు సగం పెరుగుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, సన్నబడిన కవాటానికి అది భారం. అందుకని పిల్లల కోసం అనుకునే ముందే ఇంకోసారి ఎకో తీయించాలి. గుండె అడ్డదిడ్డంగా కొట్టుకున్నా, మూతి వంకరపోయినా, పడుకుంటే ఊపిరాడకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. గుంటూరు జీజీహెచ్‌లోనే కార్డియాలజీ ఉంది, ఈ వారంలోనే చూపించి జబ్బు పేరు పూర్తిగా రాయించుకోండి.